ఉత్తేజక మాదకద్రవ్యములు, హెచ్.ఐ.వి. : మెదడునకు జంట ముప్పు

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవు. జ్ఞాపకము, ఆలోచన, నడక, సంతోషము అన్నియు వీని పనియే. తెగిన చర్మము మరల అతుకుకొనును గాని, నశించిన నాడీకణము సాధారణముగా తిరిగి పుట్టదు. అట్టి మెదడును హెచ్.ఐ.వి. క్రిమియు, కొకైన్, మెథాంఫెటమిన్ వంటి ఉత్తేజక మాదకద్రవ్యములును కలిసి ఏ విధముగా దెబ్బతీయునో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

మొదట క్రిమి సంగతి. 1983లో శాస్త్రజ్ఞులు కనుగొనిన ఈ క్రిమి రక్తములోని రక్షక కణములలో చేరును. రక్తమునకు, మెదడునకు నడుమ ప్రకృతి కట్టిన కంచె యొకటి గలదు. క్రిమి సోకిన రక్షక కణములే ఆ కంచె దాటి దానిని లోనికి చేర్చును. కాపరియే దొంగను వెంటబెట్టుకొని చేనిలోనికి వచ్చినట్లన్నమాట. లోపల అది సాధారణముగా నాడీకణములలో చేరదు. వాని చుట్టునున్న కావలి కణములలో కాపురముండి, హానికరములైన ప్రోటీనులను, వాపు కలిగించు పదార్థములను విడుచును. వాని వలన నాడీకణముల కొమ్మలు క్షీణించి, కణమునకు కణమునకు గల సంబంధములు తెగును.

ఇక మత్తు సంగతి. నాడీకణములు డోపమిన్ అను ద్రవ్యమును విడిచి, పని ముగియగనే తిరిగి లోనికి తీసికొనును. కొకైన్ ఈ తిరుగుదారిని మూసివేయును. మెథాంఫెటమిన్ తూము తలుపు ఎత్తివేసినట్లు డోపమిన్‌ను అదుపులేక వెలికి పారించును. నీరు మితిమీరిన మడిలో పైరు కుళ్లినట్లు, ఈ హెచ్చు డోపమిన్ కణములను బాధించును.

రెండును కలిసినచో గోరుచుట్టుపై రోకటిపోటే. మత్తు మెదడు కంచెను సడలించును. క్రిమికి దారి సులభమగును. హెచ్చు డోపమిన్ రక్షక కణములలో క్రిమి వృద్ధికి తోడ్పడునని ప్రయోగశాలలలో తేలినది. క్రిమికి చెందిన 'టాట్' అను ప్రోటీను కూడ కొకైన్ వలెనే డోపమిన్ తిరుగుదారిని అడ్డగించును.

ఫలితముగా మతిమరుపు, ఏకాగ్రతాలోపము, కదలికలో మందగమనము కలుగవచ్చును. మరచిన మనిషి మాత్రలు మ్రింగడు; మాత్రలు తప్పిన క్రిమి పెరుగును; క్రిమి పెరిగిన మతిమరుపు హెచ్చును. ఇట్టివానిని సోమరియని నిందించుట తగదు. ఇది జబ్బు.

దీనికి ఉపాయము గలదు. మన దేశమున 2004 ఏప్రిల్ 1వ తేదీ నుండి ప్రభుత్వము ఎ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. వానిని క్రమము తప్పక వాడినచో రక్తములో క్రిమి అణగును. మత్తు మానిన కొన్ని నెలలకు డోపమిన్ వ్యవస్థ కొంతవరకు కోలుకొనును. కావున రెంటికిని ఒకేసారి చికిత్స జరుగవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగినవి నాలుగు. మొదటిది, మాత్రల వేళను ఇంటివారిలో ఒకరు గుర్తుచేయునట్లు చూచుట. రెండవది, వ్యసనవిముక్తికి 14446, హెచ్.ఐ.వి. సలహాకు 1097 నంబర్లను పంచాయతీ కార్యాలయమున వ్రాయించుట. మూడవది, రోగి వివరములను గుప్తముగా నుంచుట, హెచ్.ఐ.వి. గలవారిపై వివక్షను 2017 నాటి చట్టము నిషేధించినది. నాలుగవది, వ్యసనపరుని భయము పోగొట్టుట. స్వయముగా చికిత్సకు వచ్చు వానికి 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము కొన్ని షరతులపై కేసు నుండి రక్షణ కల్పించుచున్నది.

వెలివేసిన మనిషి మందుకు దూరమగును. చేరదీసిన గ్రామమే అతని మెదడును కాపాడగలదు.