స్టేజీ మీదే కాదు, కాగితం మీదా మీ పేరే

పరాయి దేశంలో సొంత సంస్కృతి పేరు చెప్పి పాట పాడుకుంటూ బతకాలనుకునేవాళ్లు అవార్డుల కథలకన్నా ముందు గాయకుడు పాపా వెంబా కోర్టు కేసు చదవాలి. ఆయన చిన్న కళాకారుడేం కాదు. 1969లో కాంగో రాజధాని కిన్షాసాలో జైకో లంగా లంగా బ్యాండు మొదలైనప్పుడు అందులో ఉన్నారు. 1977లో వివా లా మ్యూజికా పేరుతో సొంత బ్యాండు పెట్టారు. 1995లో పీటర్ గాబ్రియెల్ కంపెనీ రియల్ వరల్డ్ నుంచి ‘ఎమోషన్’ ఆల్బమ్ తెచ్చారు. కాంగో రుంబా అంటే యూరప్‌లో చాలామందికి మొదట గుర్తొచ్చే పేర్లలో ఆయనదొకటి. అలాంటి మనిషిని 2003 ఫిబ్రవరిలో ఫ్రెంచి పోలీసులు అరెస్టు చేశారు. సంగీతంతో సంబంధం లేనివాళ్లను బ్యాండు సభ్యులుగా చూపించి, డబ్బు తీసుకుని యూరప్‌కి చేర్చారన్నది ఆరోపణ. 2004 నవంబరులో కోర్టు 30 నెలల జైలు శిక్ష వేసి, అందులో 26 నెలలు సస్పెండ్ చేసింది. పైగా 10,000 యూరోల జరిమానా. బయటికొచ్చాక పాటలు పాడారు, ఆల్బమ్‌లు తెచ్చారు, 2016లో అబిజాన్‌లో స్టేజీ మీదే కుప్పకూలి చనిపోయేదాకా జనం ఆయన్ని వదల్లేదు. కానీ ఆయన గురించి ఏ పత్రిక రాసినా ఈ కేసు గురించి ఒక పేరా రాయక తప్పలేదు.

కిన్షాసాలో అప్పటి పరిస్థితి తెలిస్తే ఇదెలా జరిగిందో అర్థమవుతుంది. దేశంలో యుద్ధం, ఉద్యోగాల్లేవు, మామూలు మనిషికి వీసా దొరకదు. టూరుకి వెళ్లే బ్యాండుకి దొరుకుతుంది. అందుకని బ్యాండు లీడరు చుట్టూ బతిమాలేవాళ్లు తయారవుతారు. మీ చుట్టూ కూడా తయారవుతారు, కాకపోతే పద్ధతి మారుతుంది. “మా తమ్ముణ్ని కోరస్‌లో చూపించండి, వచ్చాక వాడి దారి వాడు చూసుకుంటాడు” అని పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేస్తాడు. ఆ మాటలో బంధుత్వం ఉంటుంది, మొహమాటం ఉంటుంది, ఒక్కోసారి స్పాన్సర్‌షిప్పూ ఉంటుంది. “లిస్టు లాయర్ దగ్గర ఉందండీ, నా చేతిలో లేదు” అని చెప్పండి. నిజంగానే లిస్టు లాయర్ దగ్గరే పెట్టండి. ఆడిషన్ రికార్డింగు, గత ప్రోగ్రాముల ఫొటోలు, రిహార్సల్స్‌కి వచ్చిన తేదీలు లేకుండా ఏ పేరూ చేర్చకండి.

అమెరికాలో సొంత సంస్కృతి కళతో ప్రదర్శనలివ్వడానికి సరిపోయేది పి-3 వీసా. ఒక జాతికో ప్రాంతానికో ప్రత్యేకమైన కళను ప్రదర్శించడానికి, నేర్పడానికి వచ్చేవాళ్లకి ఇస్తారు. మనంతట మనం పెట్టుకునే అర్జీ కాదిది. అక్కడి యజమానో, స్పాన్సరో, ఏజెంటో పిటిషన్ వేయాలి, ఎక్కడెక్కడ ఏ ప్రోగ్రాములున్నాయో చూపించాలి. తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాల సభలకి ఇక్కడినుంచి వెళ్లిన కళాకారులకి ఈ తతంగం తెలుసు. టూరిస్టు వీసా మీద వెళ్లి డబ్బుకి పాడటం ఏ లెక్కన చూసినా తప్పే. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినే చోటు ఇంకొకటుంది. హెచ్-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శనాదివారాలు కచేరీలు ఇచ్చేవాళ్లు, పని అనుమతి లేని హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉంటూ ఇంట్లో సంగీతం క్లాసులు చెప్పేవాళ్లు “డబ్బు కాదు, గిఫ్టు కార్డు ఇచ్చారంతే” అనుకుంటారు. పనికి బదులుగా ఇచ్చింది ఏ రూపంలో ఉన్నా పారితోషికమే. గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ రోజున మీ యూట్యూబ్ ఛానెల్, మీ ప్రోగ్రాం పోస్టర్లు మీకన్నా ముందే అక్కడ ఉండొచ్చు.

ఇక డబ్బు. కళాకారులు తప్పు లెక్క వేసేది ఇక్కడే. ఒక కమ్యూనిటీ సెంటర్ మీ ఐదుగురి బృందానికి 3,000 డాలర్లు ఇస్తానందనుకోండి. అమెరికా పన్ను చట్టం దృష్టిలో మీరు నాన్-రెసిడెంట్లయితే సాధారణంగా మొత్తం మీద 30 శాతం ముందే పట్టుకుంటారు. ఖర్చులు తీశాక కాదు, మొత్తం మీద. అంటే 900 పోయి 2,100 చేతికొస్తుంది. వ్యాను, పెట్రోలు, ఒక రాత్రి బస కలిపి 800. మిగిలిన 1,300 ఐదుగురికి పంచితే తలా 260. రెండు రోజుల రిహార్సల్ దీంట్లోనే. ఏడాది చివర రిటర్ను వేసి కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు, లేదా ఖర్చులు చూపించి తక్కువ పట్టుకునేలా అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌తో ముందే ఒప్పందం చేసుకోవచ్చు. ఆ దరఖాస్తు మొదటి ప్రోగ్రాంకి కనీసం 45 రోజుల ముందు చేరాలి. చాలా బృందాలకి ఇది తెలిసేది చెక్కు చేతికొచ్చాకే. బ్రిటన్‌లోనూ విదేశీ కళాకారుల చెల్లింపుల్లోంచి 20 శాతం కోసుకునే పద్ధతి ఉంది. ఫ్రాన్స్‌లో స్థిరపడిన కళాకారుల లెక్క వేరు. 12 నెలల్లో 507 గంటల పని చూపించగలిగితే పనిలేని రోజుల్లో భృతి వస్తుంది. అందుకని పారిస్‌లో బుర్ర ఉన్న సంగీతకారుడు నగదు తీసుకుని రసీదు వదులుకోడు. ఆ రసీదు లేకపోతే గంటలు లేవు, గంటలు లేకపోతే చలికాలంలో భృతి లేదు.

పాట ఎవరిదన్నది రికార్డింగుకి ముందే కాగితం మీద పెట్టండి. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికెంత శాతం అని ఒక పేజీ రాసి అందరూ సంతకం చేయాలి. ఫ్రాన్స్‌లో సాసెమ్, అమెరికాలో అస్కాప్ లేదా బీఎంఐ, మన దేశంలో ఐపీఆర్‌ఎస్ — రచయితకి, స్వరకర్తకి రావాల్సింది వీటి ద్వారా వస్తుంది. అమెరికాలో డిజిటల్ రేడియోల డబ్బు సౌండ్ ఎక్స్‌చేంజ్ దగ్గర చేరుతుంది. అందులో 50 శాతం రికార్డింగు హక్కుదారుకి, 45 శాతం ప్రధాన కళాకారులకి, 5 శాతం మిగతా వాద్యగాళ్లకి. పేరు నమోదు చేసుకోనివాళ్ల వాటా ఇంటికి నడిచి రాదు.

ఈ కాగితం లేకపోతే ఏమవుతుందో స్టాఫ్ బెండా బిలిలీ బృందాన్ని చూడండి. పోలియో వల్ల నడవలేని కిన్షాసా వీధి సంగీతకారులు, వాళ్లతోపాటు రేకు డబ్బాకి ఒకే తీగ బిగించి వాయించే ఒక కుర్రాడు. కిన్షాసా జూ ఆవరణలో రికార్డు చేసిన వాళ్ల ఆల్బమ్ 2009లో వచ్చింది. 2010లో వాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీ కాన్ చిత్రోత్సవం దాకా వెళ్లింది. 2013లో డబ్బు దగ్గర, మేనేజ్‌మెంటు దగ్గర గొడవలై బృందం చీలిపోయింది, టూరు రద్దయింది. ఎవరిది తప్పన్నది మనకి అనవసరం. రోడ్డు పక్కన వాయించుకునే రోజుల్లో మాటమీద నడిచిన లెక్క అంతర్జాతీయ టూర్లకి సరిపోదు, అంతే. వీల్‌చైర్‌లో ఉన్న కళాకారుడి కథ అమ్ముడైనంత వేగంగా అతని వాటా పద్దు తయారు కాదు. డబ్బు తక్కువగా ఉన్నప్పుడే ఆ పద్దు రాయించుకోవాలి. ఎక్కువైతే ఎవరూ కూర్చోరు.

కాంగో సంగీతంలో ఇంకో ఆదాయం ఉంది, దాన్ని మబాంగా అంటారు. పాట నెమ్మదిగా మొదలవుతుంది, పాడాల్సింది పాడతారు, ఆ తర్వాత సెబెనే వస్తుంది. గిటార్లు ఒకదాన్నొకటి అందుకుంటూ వేగం పెంచుతాయి, జనం లేచి ఆడతారు. సరిగ్గా అప్పుడు గాయకుడు పేర్లు అరుస్తాడు. ఫలానా వ్యాపారి, ఫలానా నాయకుడు, బ్రస్సెల్స్‌లో ఫలానా దుకాణం యజమాని. వాటిలో చాలావాటికి డబ్బు ముట్టి ఉంటుంది, రికార్డుల్లో కూడా. మన పౌరాణిక నాటకాల్లో పద్యం మధ్యలో ఆపి చదివింపులు చదివినట్టే. పైరసీ వల్ల క్యాసెట్లు, సీడీల మీద రూపాయి మిగలని చోట ఈ డబ్బుతోనే బ్యాండ్లు నడిచాయి, బయటినుంచి నీతులు చెప్పడం తేలిక. అయితే చదివింపులు ఆ రాత్రితో అయిపోతాయి. రికార్డులోకి ఎక్కిన పేరు పోదు. ఆ మనిషి రేపు అవినీతి కేసులో ఇరుక్కుంటే, అతని పేరు మీ గొంతుతో వినపడుతూనే ఉంటుంది. స్పాన్సర్ పేరు బ్యానర్ మీద పెట్టండి, బ్రోషర్‌లో పెట్టండి, మాట్లాడేటప్పుడు చెప్పండి. పాటలోకి మాత్రం రానివ్వకండి.

రాజకీయం కూడా ఇదే దారిన వస్తుంది. 1984లో ఫ్రాంకో లాంటి కాంగో మహా కళాకారుడు దేశాధ్యక్షుడు మొబుటు ఎన్నిక కోసం పాట చేశారు. 1987లో అదే మనిషి ఎయిడ్స్ గురించి హెచ్చరిస్తూ పాట చేశారు. రెంటినీ ఒకే గొంతు మోసింది, వినేవాళ్లు రెంటినీ గుర్తుపెట్టుకున్నారు. తర్వాతి తరంలో పరిస్థితి ఇంకా ముదిరింది. కిన్షాసా ప్రభుత్వానికి దగ్గరగా ఉన్నారని భావించిన గాయకుల కచేరీలను పారిస్, బ్రస్సెల్స్, లండన్‌లలోని ప్రవాస కాంగోవాసుల్లో ‘కొంబాటాన్లు’ అనే వర్గం ఏళ్ల తరబడి అడ్డుకుంది. 2020 ఫిబ్రవరి 28న పారిస్‌లోని బెర్సీ అరీనాలో కాంగో గాయకుడు ఫల్లీ ఇపుపా కచేరీ జరిగిన రాత్రి, గార్ ద లియోన్ స్టేషన్ దగ్గర వాహనాలు తగలబడ్డాయి. ప్రవాసంలో మీ పాట వినేవాళ్లు ముందుగా మీ ఊరివాళ్లే. ఆ ఊరి కక్షలు, కులాల లెక్కలు, పార్టీల గొడవలు వాళ్లతోపాటే విమానమెక్కి వచ్చాయి. అమెరికాలో తెలుగు సంఘాలు ఎందుకన్ని ఉన్నాయో తెలిసినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక సంఘం వేదిక మీద పాడేముందు, ఆ సాయంత్రం ఎవరు దండ వేయించుకుంటున్నారో, మీ ఫొటో ఎవరి పక్కన పడుతుందో అడగండి. మొహమాటంగా అనిపించినా అడగండి.

వారసత్వం అనే మాట మీద కూడా ఎక్కువ భారం పెట్టకండి. 2021 డిసెంబరులో కాంగో రుంబాను యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. రెండు కాంగో దేశాలూ కలిసి అడిగాయి. గ్రాంటు అర్జీలో ఆ వాక్యం పనికొస్తుంది, స్కూల్ వర్క్‌షాపుకి ప్రిన్సిపాల్‌ని ఒప్పించడానికి పనికొస్తుంది. అద్దె కట్టడానికి పనికిరాదు. ఆదాయం అడుగున నిలబెట్టేవి లైబ్రరీ ప్రోగ్రాములు, స్కూళ్లు, యూనివర్సిటీలో ఒక సెమిస్టర్ క్లాసు. వేదికను బట్టి సెట్టూ మారాలి. సొంతవాళ్ల పెళ్లిలో సెబెనే అర్ధరాత్రి దాటాక కూడా ఆగకూడదు. ఫెస్టివల్ వాళ్లు సాయంత్రం ఐదింటికి గంట సెట్ ఇచ్చి, ఒక్క నిమిషం దాటితే సౌండ్ కట్ చేస్తారు. రెండింటికీ వేర్వేరు సెట్‌లు తయారుగా పెట్టుకోండి. పెళ్లి సెట్‌ని కుదించి ఫెస్టివల్‌లో వాయిస్తే పాట మధ్యలో దిగిపోవాల్సి వస్తుంది.

సామాజిక కార్యాల విషయానికొస్తే, మీ పేరుకి సహజంగా అతికే ఒక్క పనిని ఎంచుకోండి. మతాది రేవు పట్టణంలో పుట్టి, ఉగాండా మీదుగా కెన్యా చేరి, అక్కడ్నుంచి 1990లలో అమెరికాకి వెళ్లిన సాంబా మపంగాలాను చూడండి. నైరోబిలో ఆయన పెట్టిన బ్యాండు పేరు ఆర్కెస్ట్రా విరుంగా. అది తూర్పు కాంగో అగ్నిపర్వతాల పేరు, కొండ గొరిల్లాలు ఉండే చోట్లలో ఆ వరస ఒకటి. ఆయన గొరిల్లాల రక్షణ గురించి పాట చేస్తే, ఈయనకెందుకీ గోల అని ఎవరూ అనలేదు. స్వాహిలీలోనూ, లింగాలాలోనూ పాడతారు కాబట్టి అది చేరాల్సిన తూర్పు ఆఫ్రికా జనానికి చేరుతుంది కూడా. ఏడాదికి ఏడు కారణాలకి ఏడు పాటలు చేసేవాళ్లని ఏ సంస్థా గుర్తుపెట్టుకోదు.

విరాళాల డబ్బు మాత్రం మీ ఖాతాలోకి ఒక్క రోజు కూడా రానివ్వకండి. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో జార్జ్ హారిసన్, రవిశంకర్ కలిసి చేసిన బంగ్లాదేశ్ కచేరీ అందరికీ తెలుసు. పన్ను మినహాయింపు ఏర్పాట్లు ముందుగా చేయకపోవడంతో ఆల్బమ్, సినిమా డబ్బు ఏళ్ల తరబడి ఐఆర్ఎస్ దగ్గర ఇరుక్కుపోయిందన్నది అంతగా తెలీదు. వాళ్లకి దొరికిన లాయర్లు మీకూ నాకూ దొరకరు. కాబట్టి అప్పటికే రిజిస్టరై, పన్ను మినహాయింపు ఉన్న సంస్థని పట్టుకుని, టికెట్టు డబ్బు నేరుగా వాళ్ల ఖాతాకే వెళ్లేలా చూడండి. సొంతూరి బడికో, వరద బాధితులకో ఆంధ్రా, తెలంగాణలకి పంపేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీరిచ్చేది విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకి విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. మీ ఊరి ట్రస్టు వాళ్లు “పంపండి, తర్వాత చూసుకుందాం” అంటే పంపకండి. తర్వాత చూసుకునేది వాళ్లు కాదు.

చివరగా పోస్టరు. “ఈ కచేరీ డబ్బంతా ఫలానా పనికి” అని రాసేముందు, అంతా అంటే టికెట్టు డబ్బు మొత్తమా, హాలు అద్దె, సౌండు ఖర్చు పోను మిగిలిందా అన్నది తేల్చి, అదే మాట పోస్టరు మీద పెట్టండి. మీ బృందం పారితోషికం తీసుకుంటుంటే ఎంతో కమిటీకి ముందే ఈమెయిల్‌లో చెప్పండి. వాద్యగాళ్లకి డబ్బివ్వడం తప్పు కాదు, వాళ్లూ అద్దెలు కట్టాలి. కార్యక్రమం అయిన నెలలోపు వసూలు, ఖర్చు, అందజేసిన మొత్తం ఒక పేజీలో రాసి, సంస్థ ఇచ్చిన రసీదు జతచేసి టికెట్టు కొన్నవాళ్లందరికీ పంపండి. మిగిలింది అనుకున్నదానికన్నా తక్కువైతే, ఆ తక్కువనే పంపండి.