ఊరుమ్మడి నీరు

గౌతమీ తీరాన కపిలేశ్వరపురం రేవులో నిలిచి చూస్తే ఆవల లంకభూములు, వాటి వెనుక కోనసీమ కొబ్బరితోటలు కానవస్తాయి. ఈ ఒడ్డు తూర్పు డెల్టా, ఆ ఒడ్డు మధ్య డెల్టా. రెండింటి పంట కాలువలకూ మూలం ధవళేశ్వరమే. 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట ఈ సీమకు అన్నం పెట్టడమే కాదు, ఒక ఊరి సాగును మరొక ఊరి సాగుతో ముడివేసింది. ఎగువ రైతు తూము అధికంగా తెరిస్తే శివారు రైతు నారుమడి ఎండుతుంది. దిగువన మురుగు కాలువ పూడితే ఎగువ చేను మునుగుతుంది.

నీటి విషయం పాలకుని బాధ్యత అన్న భావన మనకు ప్రాచీనమైనది. భారత సభాపర్వంలో నారదుడు ధర్మరాజును అడిగిన కుశలప్రశ్నలలో చెరువులు నిండి ఉన్నాయా అన్నదీ ఒకటి. ఆ పర్వాన్ని నన్నయ తెనిగించింది ఈ గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలోనే.

అయితే ఆ బాధ్యతలో రైతుకు చట్టబద్ధమైన భాగం లభించడానికి 1997 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం ద్వారా ఆంధ్రప్రదేశ్‌లో పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. పూడిక తీయడం, గట్లు బాగుచేయడం, వంతులవారీగా నీరు పంచడం వంటి పనులలో ఆయకట్టుదారులు ఒకచోట కూర్చుని నిర్ణయించుకునే వీలు కలిగింది. కాని కౌలు నోటిమాటగా సాగే ఈ ప్రాంతంలో, నాగలి పట్టినవాని పేరు రికార్డులకు ఎక్కడం అరుదు. సంఘం ఊరందరిదీ అనిపించుకున్నా, అందులో కౌలుదారు గొంతు సన్నగానే వినిపించింది.

ఇట్టి నేలలో 2011లో ఒక అపూర్వ సంఘటన జరిగింది. కోనసీమ రైతులు సార్వా పంట వేయబోమని కూడబలుక్కుని వేలాది ఎకరాలను బీడు పెట్టారు. నీరు లేక కాదు, కాలువల్లో నీరు పారుతూనే ఉంది. గుర్రపుడెక్కతో, పూడికతో మురుగు కాలువలు మూసుకుపోయి ఏటా చేలు మునగడం, కూలి, ఎరువుల ఖర్చు పెరగడం, ఆ ఏడాది క్వింటాలు సాధారణ రకం ధాన్యానికి ప్రకటించిన 1,080 రూపాయల మద్దతు ధర గిట్టుబాటు కాకపోవడం ఇందుకు కారణాలు. అన్నదాత అన్నం పండించనని చెప్పడం దేశమంతటినీ ఉలిక్కిపడేలా చేసింది. ప్రభుత్వం విశ్రాంత ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది.

ఆ ఐకమత్యం ప్రశంసనీయమే. ఒక్కడు నాటు మానితే నష్టం వానిదే. వేలమంది మానితే అది రాజధానిదాకా వినిపిస్తుంది. అయినా ఒక మాట చెప్పక తప్పదు. బీడుపడిన చేలలో నాట్లు లేవు, కోతలు లేవు. ఆ పనులమీద బతికే కూలీ కుటుంబాలకు ఆ సార్వా పనిదినాలు దక్కలేదు. వారిని అడిగి చేసిన నిర్ణయమేనా అది? కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం కూడా అదే 2011లో వచ్చింది. భూమి లేని కూలీకి మాత్రం కాలువ గట్టు సభలో ఏ కార్డూ లేదు.

2022 సార్వాలోనూ కోనసీమలోని కొన్ని మండలాల రైతులు పంట విరామం ప్రకటించారు. వారు చెప్పిన కారణాలలో మురుగు కాలువల దుస్థితి మళ్లీ ఉన్నది.