ఉప్పెన

కోస్తా జిల్లాలవారికి గాలివాన కొత్త కాదు. అయినను గాలివానలో ప్రాణములు తీయునది గాలియే యని తలంచువారు నేఁటికిని పెక్కుమంది కలరు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించిరి. వారిలో పెక్కురను చంపినది గాలి కాదు, ఊరిమీఁదికి వచ్చిన సముద్రము. దీనినే మనవారు ఉప్పెన యందురు. ఇది యెట్లు పుట్టునో యిచ్చట వివరింతుము.

గాలివాన నడుమ వాయుభారము తగ్గును. భారమాపకములోని పాదరస మొక యంగుళము దిగినచో, సముద్రజలము సుమారు 13 అంగుళములు పైకి లేచును. ఏలయన పాదరసము నీటికంటె పదమూడున్నర రెట్లు బరువైనది. ఘోరమైన గాలివానలో పాదరసము రెండంగుళములు దిగినను నీరు లేచునది రెండడుగులకుఁ గొంచె మెక్కువ మాత్రమే. మఱి పదునాఱడుగుల నీ రెక్కడిది? గాలి త్రోసినది. లోతైన సముద్రమునఁ ద్రోయఁబడిన నీరు అడుగునుండి వెనుకకు మఱలిపోవును. లోతు తక్కువైన తీరమున దానికిఁ దావు లేదు, గట్టెక్కవలసినదే. కృష్ణా ముఖమున సముద్రమును లోతు తక్కువ, భూమియుఁ బల్లము. ఆ సమయమునకే పోటు వచ్చెనా, ఇఁక చెప్పవలసిన దేమున్నది!

గాలి యే ప్రక్క నీటిని త్రోయునో తెలిసికొనుటకు ఓడలవారి దినచర్యలు తోడ్పడినవి. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్‌టన్ వానిని శ్రద్ధతో సేకరించి, గాలి యొక కేంద్రముచుట్టుఁ దిరుగునని అన్యదేశ పండితులు చెప్పిన మాటను బంగాళాఖాతమున రుజువుపఱచెను. గ్రీకు భాషలోఁ బాముచుట్ట యను నర్థముగల మాటనుండి 1848లో ‘సైక్లోన్’ అను పేరు పెట్టినవాఁ డాయనయే. మాట్లా నదియొడ్డున రేవు కట్టవలదనియు, ఉప్పెన దానిని ముంచుననియు 1853లో గవర్నరు జనరలునకు వ్రాసెను. ఆయన 1858లో గతించెను. రేవు కట్టిరి. 1867లో గాలివానకు అది పాడయ్యెను. కొన్ని యేండ్లకే విడిచిపెట్టిరి.

మన యర్ధగోళమున నీ గాలి గడియారపు ముల్లునకు ఎదురుగాఁ దిరుగును. కావున గాలివాన పోవు దిక్కునకుఁ గుడిప్రక్కనున్న తీరముపైకి నీరు వచ్చును. 1977 నవంబరు 19న వచ్చిన గాలివాన చీరాల దగ్గఱ తీరము దాటినది. ఉప్పెన ముంచినది మాత్రము కుడిప్రక్కనున్న దివిసీమను. సుమారు 10,000 మంది మరణించిరి. “కేంద్రము మన యూరికి రాదఁట” యని నిశ్చింతగా నుండుట యెంత ప్రమాదమో దీనివలనఁ దెలియఁగలదు.

1990 మే నెలలో అట్టి గాలివానయే కృష్ణా ముఖముననే తీరమెక్కినది. ముందుగా లక్షలాది జనులను మిట్టలకును, తుపాను శరణాలయములకును జేర్చిరి. మృతుల సంఖ్య వేయికి లోపే. ఇండ్లును, పశువులును, పంటలును బోవుట మాత్రము తప్పలేదు.

ఇప్పుడు ఉపగ్రహములును, రాడారులును గాలివాన జాడను దినములకు ముందే చూపుచున్నవి. నీ రెంతదూరము వచ్చునో గణించుటకు మాత్రము తీరపు లోతును, ప్రతి గ్రామపు మిట్టపల్లములును సరిగాఁ గొలిచియుండవలెను. సముద్రమట్టము నానాఁటికిఁ బెరుగుచుండుటచేఁ బాత కొలతలు చాలకున్నవి.