పేటెంటు: మన పసుపు నుండి బొగ్గుబాయి దీపం దాకా

పేటెంటు అనే మాట ఈ మధ్య మన కళాశాలలో తరచు వినిపిస్తున్నది. అది ఏమిటని అడిగితే మాత్రం మనలో చాలామంది "ఏదో కొత్తది కనిపెడితే సర్కారు ఇచ్చే సర్టిఫికెట్టు" అని ఊరుకుంటాము. రెండేండ్ల కిందటి దాకా నా సంగతీ అంతే. ఒక చిన్న ఎదురుదెబ్బ తగిలిన తర్వాతనే నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టినాను. చదివినది తోటి విద్యార్థులతో పంచుకుందామనే ఈ వ్యాసం.

నేను గోదావరిఖనిలో పెరిగినవాణ్ణి. మా బాపు బొగ్గుబాయిలో ముప్పై ఏండ్లు పనిచేసి దిగిపోయినాడు. రెండవ సంవత్సరంలో మేము ముగ్గురు మిత్రులం కలిసి, హెల్మెట్టుకు తగిలించుకునే గ్యాసు అలారం ఒకటి తయారుచేసినాము. గాలిలో మీథేను పెరిగితే బజరు మోగుతుంది. ప్రదర్శనలో బహుమతి వచ్చింది. వచ్చినవారు ఫోటోలు తీసుకున్నారు. మాకు ఒకటే ఉత్సాహం. పేటెంటు తీసుకుందామని మా లెక్చరర్ గారి వద్దకు పోతే, ఆయన రెండే ప్రశ్నలు వేసినారు. "ఇంతకుముందు ఎవరైనా చేసినారేమో వెతికినారా? ప్రదర్శనలో పెట్టకముందు దరఖాస్తు పెట్టినారా?" రెండింటికీ మా వద్ద జవాబు లేదు. తీరా వెతికి చూస్తే, అటువంటి హెల్మెట్ల మీద అప్పటికే ఎన్నో పేటెంట్లున్నవి.

అసలు పేటెంటు అంటే ఏమిటి?

పేటెంటు ఒక ఒప్పందం. కనిపెట్టినవాడు తన రహస్యాన్ని దాచుకోకుండా, ఆ విద్య తెలిసినవాడెవడైనా తిరిగి చేయగలిగేటంత స్పష్టంగా రాసి ఇవ్వాలి. అందుకు బదులుగా ప్రభుత్వం కొంతకాలం పాటు ఇతరులెవ్వరూ అతని అనుమతి లేకుండా దానిని తయారుచేసి అమ్మకుండా హక్కు ఇస్తుంది. మన దేశంలో ఆ గడువు దరఖాస్తు పెట్టిన నాటి నుండి 20 సంవత్సరాలు. గడువు తీరగానే అది అందరి సొత్తు. ఒక దేశంలో పొందిన పేటెంటు ఆ దేశంలోనే చెల్లుతుంది.

పేటెంటు రావాలంటే మూడు పరీక్షలు నెగ్గాలి. వస్తువు కొత్తది కావాలి. ఆ విద్య తెలిసినవారికి ఇట్టే తట్టేది కాకూడదు. పరిశ్రమలో ఉపయోగపడాలి. మా అలారం మొదటి పరీక్షలోనే తప్పింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కరీంనగర్ వెండి తీగపని, నిర్మల్ బొమ్మలు పేటెంట్లు పొందినవని కొందరు అంటుంటారు. అది పొరపాటు. వాటికి ఉన్నది భౌగోళిక గుర్తింపు. అది ఒక్క మనిషి కనిపెట్టినదానికి కాక, ఒక ప్రాంతపు పనివాళ్ళందరి పేరుకు ఇచ్చే రక్షణ.

వైద్యం: పసుపు కథ

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో పసుపు పండించని ఊరు అరుదు. వేలు తెగితే పసుపు అద్దడం మన అవ్వలందరికీ తెలిసిన వైద్యమే. అటువంటి పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి 1995లో అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చినారు! మన సి.ఎస్.ఐ.ఆర్. దానిని సవాలు చేసింది. అయితే "మా అవ్వకు తెలుసు" అంటే అక్కడ సాక్ష్యం కాదు. పాత సంస్కృత గ్రంథాలు, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో అచ్చయిన వ్యాసం వంటి రాతపూర్వక ఆధారాలు చూపించవలసి వచ్చింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. మనల్ని గట్టెక్కించింది పసుపు కాదు, పసుపు గురించి ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన కాగితం.

మందుల విషయంలో మన 1970 నాటి పేటెంట్ల చట్టం పెద్ద మలుపు. 1972లో అమలులోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం మందుకు పేటెంటు లేదు, దానిని తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉండేది. అదే మందును వేరే పద్ధతిలో చేసుకోవచ్చు. హైదరాబాదు చుట్టుపక్కల మందుల పరిశ్రమ పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం. 2001లో సిప్లా కంపెనీ ఎయిడ్స్ మందులను ఏడాదికి సుమారు 350 డాలర్లకే ఇస్తామన్నది. అంతకుముందు ఆ చికిత్సకు ఏడాదికి 10,000 డాలర్ల పైన అయ్యేది. 2005 నుండి మందులకు కూడా పేటెంటు వచ్చింది. అయినా పాత మందుకు చిన్న మార్పు చేసి, గుణం పెరగకుండానే కొత్త పేటెంటు అడిగితే చట్టం ఒప్పుకోదు. క్యాన్సర్ మందు గ్లీవెక్ విషయంలో 2013లో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చిచెప్పింది.

కంప్యూటరు: చేజారిన పేటెంటు

మా ప్రదర్శన పొరపాటు మాకొక్కరికే జరిగినది కాదని ఈ కథ చదివినప్పుడు తెలిసింది. అమెరికాలో ఎకర్ట్, మాక్లీ అనే ఇద్దరు ఎనియాక్ అనే పెద్ద ఎలక్ట్రానిక్ కంప్యూటరు తయారుచేసినారు. 1946 ఫిబ్రవరిలో దానిని లోకానికి చూపించినారు. దరఖాస్తు పెట్టింది మాత్రం 1947 జూన్‌లో. పేటెంటు 1964లో వచ్చింది. కంప్యూటర్లు చేసేవారంతా ఆ హక్కుదారుకు కప్పం కట్టే పరిస్థితి ఏర్పడ్డది. ఇది కోర్టుకు ఎక్కగా, 1973 అక్టోబరు 19న న్యాయమూర్తి లార్సన్ ఆ పేటెంటు చెల్లదన్నాడు. ఒక కారణం, ముఖ్యమైన ఆలోచనలు అంతకుముందే అటనాసాఫ్ అనే ఆచార్యుని వద్ద ఉండడం. మరొక కారణం, దరఖాస్తుకు ఏడాదికి పైగా ముందే యంత్రం బహిరంగంగా వాడుకలోకి రావడం. ఆ తీర్పుతో ఎలక్ట్రానిక్ కంప్యూటరు అనే ఊహ ఎవరి సొంతమూ కాకుండా పోయింది.

మన చట్టంలో ఉత్త కంప్యూటరు ప్రోగ్రాముకు పేటెంటు లేదు. ప్రోగ్రాము రాసినవారికి కాపీరైటు ఉంటుంది.

రక్షణ: దీపమూ బెల్టూ

1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో గ్యాసు పేలి 92 మంది చనిపోయినారు. ఇటువంటి ప్రమాదాలు చూసి హంఫ్రీ డేవీ 1815లో రక్షణ దీపం తయారుచేసినాడు. దీని కిటుకు చాలా సులువు. మంట చుట్టూ సన్నని తీగజాలి ఉంటుంది. జాలి వేడిని పీల్చి చెదరగొడుతుంది గనుక మంట బయటి గ్యాసుకు అంటుకోదు. గాలిలో మీథేను 5 నుండి 15 శాతం ఉంటే పేలుతుంది. అంతకన్నా తక్కువ ఉన్నప్పుడే దీపం మంట మీద నీలిరంగు టోపీ లాగా కనిపించి హెచ్చరిస్తుంది. మిత్రులు ఎంత చెప్పినా డేవీ దీనికి పేటెంటు తీసుకోలేదు.

1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ కారులో మూడుచోట్ల బిగించే సీటు బెల్టును రూపొందించినాడు. కంపెనీ పేటెంటు తీసుకున్నది గాని, ఇతర కంపెనీలు కూడా వాడుకోవడానికి ఒప్పుకున్నది. ఈ రోజు మన రాజీవ్ రహదారి మీద పోయే ప్రతి కారులోనూ ఉన్నది ఆ బెల్టే.

మరి ఉచితంగా ఇచ్చేస్తే అంతా మంచే జరుగుతుందా? డేవీ దీపం వచ్చిన తర్వాత కూడా గని ప్రమాదాలు ఆగలేదు. గ్యాసు ఎక్కువని వదిలేసిన చోట్లకు యజమానులు దీపం ధైర్యంతో మళ్ళీ కూలీలను దింపినారు. నేనిది చదివి మా బాపుకు చెప్పినాను. ఆయన నవ్వి, "బిడ్డా, మీ డబ్బ మంచిదే. అది అరిసినంక మనుషులను బయటికి పంపేదెవలు? గాలి సక్కగ ఆడితె, కప్పుకు కట్టెలు సక్కగ పెడితె, దానికి అరిసే పనే ఉండదు" అన్నాడు. 2003 జూన్ 16న మా గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో 17 మంది ప్రాణాలు పోయినవి. అక్కడ ముంచింది గ్యాసు కాదు, నీరు. అటువంటిదానికి మా అలారం ఏం చేస్తుంది?

పేటెంటు అంటే పెద్ద కంపెనీల సొత్తేనా? అదీ కాదు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం, ఆసు పోసీ పోసీ తల్లి చేతులు నొప్పి పెట్టడం చూడలేక, ఏండ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేసినాడు. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టుకుని, పేటెంటు కూడా పొందినాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. సొమ్మూ పలుకుబడీ లేనివాడి ఆలోచనను ఇంకొకడు ఎత్తుకుపోకుండా కాపాడేది కూడా ఈ చట్టమే.

మనం చేయవలసినది

మిత్రులారా! ప్రాజెక్టు మొదలుపెట్టేముందు పాత పేటెంట్లు వెతకండి. అవి ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. చేసిన ప్రతి పనినీ తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి. ప్రదర్శనలో పెట్టకముందే తాత్కాలిక దరఖాస్తు పెట్టండి. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల వ్యవధి ఉంటుంది. ఆ తర్వాత అమ్ముకుంటారో, డేవీ లాగా పంచిపెడతారో మీ ఇష్టం.

ఇంకొక పని కూడా ఉన్నది. బాపు ఒకనాడు చెప్పినాడు. "బాయిల కట్టెతోని కప్పును కొట్టి సప్పుడు ఇంటం. గట్టిదైతె కణకణమంటది, ఊడేదైతె డొల్లసప్పుడు అస్తది." ఏ సప్పుడుకు నిలవాలి, ఏ సప్పుడుకు ఉరకాలి అన్నది ఆయన చెవికి తెలుసు. దానికి ఎవరూ పేటెంటు ఇవ్వరు, ఇవ్వనక్కరలేదు. కాని పసుపు కథ మనకు నేర్పినదేమిటి? రాసిపెట్టనిది లేనట్టే లెక్క. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లిలలో బాయి దిగిపోయిన పెద్దమనుషులు ఇంటింటికీ ఉన్నారు. ఈ సెలవులలో నేను ఒక నోటుబుక్కు కొని బాపు పక్కన కూర్చున్నాను. ఇప్పటికి నలభై పేజీలు అయినవి. మీ ఇంట్లోనూ అటువంటివారుంటే మీరూ మొదలుపెట్టండి.