మొహంతో ఊ కొట్టడం

ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు ఒకరి మొహంలోని కదలిక రెండోవారి మొహంలోకి పాకుతుంది. చెప్పేవారి కనుబొమలు ముడిపడితే వినేవారివీ ముడిపడతాయి. అక్కడ నవ్వు మొలిస్తే ఇక్కడ బుగ్గ కదులుతుంది. ఇది వెక్కిరింపు కాదు. వెక్కిరింపు కావాలని చేసేది, ఇది తెలియకుండానే జరిగిపోయేది.

హనుమాన్ జంక్షన్‌లో దీన్ని చూడడం తేలిక. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసే చోటు కాబట్టి బస్సు కోసం కూర్చున్నవాళ్లకు కొదవుండదు. బల్ల మీద ఒకావిడ కూతురి కాన్పు కష్టమైన సంగతి చెబుతుంటే, పక్కావిడ పెదవులు వాటంతటవే బిగుసుకుంటాయి, కళ్లు చిన్నవవుతాయి. "చివరికి తల్లీబిడ్డా క్షేమమేనమ్మా" అనే మాట పూర్తికాకముందే, చెప్పే మొహంతోపాటు వినే మొహమూ విప్పారుతుంది. అంతకుముందు వాళ్లిద్దరికీ ముఖపరిచయం కూడా ఉండకపోవచ్చు.

స్వీడన్‌లో ఉల్ఫ్ డింబెర్గ్ బృందం 2000లో ఇదే సంగతిని ప్రయోగంలో చూపింది. నవ్వు మొహాన్నో, కోపపు మొహాన్నో 30 మిల్లీసెకన్లు మాత్రం చూపి, వెంటనే మామూలు మొహంతో కప్పేశారు. ఏం చూశారో చూసినవాళ్లకే తెలియలేదు. అయినా నవ్వుకు బుగ్గ కండరం, కోపానికి కనుబొమ కండరం స్పందించాయి.

హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ మీదుగా పామర్రు దాటితే వచ్చే కూచిపూడిలో ఈ గుణమే కళకు ఆధారం. సత్యభామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ మగవాడని ప్రేక్షకులకు తెలిసే ఉండేది. తెలిసినా భామ అలకకు చూసేవాళ్ల మూతి ముడుచుకోవాలి, విరహానికి కళ్లు వాలాలి. చూసేవారి మొహం కదలకపోతే అభినయం వారిని చేరనట్టే.

ఇంత సహజమైన గుణాన్ని మనుషులు చేజేతులా పోగొట్టుకుంటున్నారు. కళ్లు ఫోనులో పెట్టి నోటితో "ఊ" అంటే అది వినడం ఎలా అవుతుంది? ఈ వ్యాసకర్త ఏళ్ల తరబడి చేసిన తప్పిదే. ఒక సంక్రాంతి వెళ్లాక తండ్రి పొలం నుంచి వచ్చి, మినుముకు పల్లాకు తెగులు సోకిందని, తెల్లదోమకు రెండుసార్లు మందు కొట్టినా ఆగలేదని చెబుతున్నాడు. కొడుకు తల ఎత్తకుండా "ఊ" అన్నాడు. తండ్రి మాట సగంలో ఆపి, భుజం మీది తువ్వాలు దులిపి, "సర్లే, నీ పని చూసుకోరా" అని పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆ ఏడు ఇంట్లో మళ్లీ పొలం మాట రాలేదు.

ఆ తర్వాత పట్టుకున్న అలవాటు ఒక్కటే. ఎవరైనా మాట మొదలుపెట్టగానే ఫోను బోర్లించాలి. కనుబొమల మధ్య ముడిని వేలితో ఒకసారి సడలించాలి. చెప్పేవారి మొదటి మాట పూర్తయ్యేదాకా వారి మొహాన్నే చూడాలి. "ఊ" ముందు మొహంలోకి రావాలి, ఆ తర్వాతే నోట్లోకి. మొదటి వారం చూపు జారిపోతుంది, మెడ బిగుసుకుంటుంది. బెంగ అక్కర్లేదు, జారిన చూపును మళ్లీ తెచ్చుకుంటే చాలు. మొహాన్ని కావాలని కదిలించకూడదు. అలా చేస్తే నటన బయటపడి చెప్పేవారు నొచ్చుకుంటారు. చూస్తూ ఉంటే మొహం తన పని తాను చేసుకుంటుంది. చిరాకూ ఇలాగే అంటుకుంటుంది. అందుకే బస్సులో చిల్లర దగ్గర గొడవ వచ్చినప్పుడు ముందు కనుబొమల ముడి విప్పేది వివేకం ఉన్నవాళ్లే.

ఎదురెదురుగా కూర్చోవడం, నల్లకళ్లద్దాలు తీయడం, మాటకు అడ్డుపడకపోవడం కూడా మంచివే.

గిట్టనివాళ్ల ఎదుట మొహం చేసే ఈ అనుకరణ తగ్గిపోతుందని పరిశోధకులు గమనించారు. కాబట్టి అభ్యాసం ఇంట్లోవాళ్లతో మొదలుపెట్టడం సుళువు. మరుసటి ఏడు ఆ తండ్రి మినుము విత్తనం గురించి మొదలుపెట్టి, కాలవ నీళ్ల మీదుగా, తన చిన్నప్పటి ఎడ్ల దాకా వెళ్లాడు. అన్నం చల్లారిపోయింది, ఇద్దరిలో ఎవరూ లేవలేదు.