ఆవిరే కదా అంటున్నారు!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుండి మన పిల్లలు చదువులకు హైదరాబాద్, సంపాదనకు గల్ఫ్ దేశాలు వెళ్ళి వస్తుంటారు. అలా వచ్చిన కొందరి జేబుల్లో పెన్ను లాంటి పరికరమొకటి కనబడుతోంది. దానిని వేప్ అంటారు. "ఇది సిగరెట్ కాదమ్మీ, ఉత్త ఆవిరి" అని తల్లికి నచ్చజెబుతారు. రమజాన్‌లో "ఆవిరితో రోజా ఎందుకు పోతుంది?" అని వాదించేవారూ లేకపోలేదు.

అందులో ఉన్నది నీరైతే కదా ఆవిరి అనడానికి! అది గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవాల మిశ్రమం. రుచి కోసం సువాసనలు, చాలావాటిలో నికోటిన్ కలుపుతారు. నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. గ్లిజరిన్ మరగాలంటే 290 డిగ్రీలు కావాలి. అంత వేడిని బ్యాటరీకి తగిలించిన సన్నని తీగచుట్ట పుట్టిస్తుంది.

పెద్ద పరికరాల్లో ఈ శక్తిని పెంచుకునే మీట ఉంటుంది. నిండా ఛార్జి ఉన్న 4.2 వోల్టుల బ్యాటరీకి 0.2 ఓమ్‌ల తీగ తగిలిస్తే 21 ఆంపియర్లు ప్రవహిస్తాయి. అంటే దాదాపు 88 వాట్లు. మన ఇంట్లో వెలిగే ఎల్.ఇ.డి. బల్బు 9 వాట్లే! ఆగకుండా దమ్ము మీద దమ్ము లాగితే తీగ చుట్టూ ఉన్న దూదికి ద్రవం అందదు. దూది మాడుతుంది, ద్రవం విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్ వంటి విషాలు పుడతాయి. 2015లో అమెరికా పరిశోధకులు 3.3 వోల్టుల వద్ద కనబడని ఈ విషాన్ని 5 వోల్టుల వద్ద కనుగొన్నారు. అంత మాడు వాసనను ఎవరూ పీల్చలేరని కొందరు ఆక్షేపించారు. నిజమే కావచ్చు. కాని పరికరం చెయ్యి కాలుతున్నా వదలని అలవాటును ఏమనాలి?

బ్యాటరీ కూడా వేడెక్కుతుంది. నాసిరకానిదైతే, లోపల షార్ట్ అయితే మంటలు లేస్తాయి, పేలుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో 2018లో ఇలా ఒక వ్యక్తి మరణించాడు. భూపాలపల్లి సింగరేణి గనుల్లోకి దిగే సోదరులకు బీడీ, అగ్గిపెట్టె వెంట తీసుకుపోకూడదని వేరే చెప్పాలా? ఇది ఆ రెండూ కలిసిన వస్తువు.

రోజా స్థితిలో పొగను గాని, ఇలాంటి ఆవిరిని గాని కావాలని లోపలికి పీల్చితే రోజా భంగమవుతుందని ఉలమాలు చెబుతున్నారు. ఇక దేశ చట్టం. దుబాయ్‌లో ఇది దుకాణంలో దొరకవచ్చు. మన దేశంలో 2019 చట్టం ప్రకారం దీని తయారీ, దిగుమతి, అమ్మకం నేరం. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. "తమ్ముడి కోసం ఒకటి తెచ్చాను" అనే అన్నలు ఇది తెలుసుకోవాలి.

దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్ అని పిల్లవాడికి కోపంతో కాక పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. అతను ఇచ్చేసిన పరికరాన్ని పొయ్యిలో గాని, చెత్త మంటలో గాని వేయకండి, పగులగొట్టకండి. వేడిగా ఉన్నా, ఉబ్బినా ఛార్జింగ్ పెట్టకుండా బట్టలకు, పరుపులకు దూరంగా బయట గచ్చు మీద ఉంచండి. చల్లారాక పాత బ్యాటరీలు తీసుకునేవారికి అప్పగించండి.