పాత రంగు గీకేముందు... సీసం సంగతి

అమెరికాలో చాలా పాత ఇళ్లకు బయటి గోడంటే అడ్డంగా, ఒకదాని అంచు మీదికి ఒకటి వచ్చేలా కొట్టిన చెక్క పలకలే. పూత మీద పూత పడి, ఎండకూ వానకూ ఆ రంగు ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి, పెచ్చులు లేస్తుంది. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే, ఆ పెచ్చుల్లో సీసం ఉండవచ్చు.

సీసం ఎందుకు కలిపారు?

తెల్ల సీసం (క్షార సీసం కార్బొనేట్) చెక్కను చక్కగా కప్పుతుంది, తేమకు తట్టుకుంటుంది. లెడ్ క్రోమేట్ పసుపు రంగునిస్తుంది.

ముప్పంతా దుమ్ముతోనే

గోడను గట్టిగా పట్టుకున్న రంగుతో అంత భయం లేదు. పొడిగా రుద్దినప్పుడు లేచే దుమ్ము కిటికీ అంచుల మీద, ఇంటి చుట్టూ మట్టిలో పేరుకుంటుంది. పాకే పసివాళ్ల చేతికి అంటి నోట్లోకి పోతుంది. ఒంట్లో చేరిన సీసం కాల్షియంలా నటించి ఎముకల్లో తిష్ఠ వేస్తుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. 2021లో అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రం (సీడీసీ) ప్రకటించిన 'రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు' అనేది ఎక్కువ సీసం చేరిన పిల్లలను గుర్తించే సూచిక మాత్రమే. దాన్ని సురక్షిత పరిమితి అని రాస్తే తప్పు.

గీకడం ఎలా?

రంగంతా చెక్క దాకా ఊడ్చెయ్యాలన్నది అపోహ. ఊగులాడేది గీకి, మిగిలిన అంచులను నున్నగా చేస్తే చాలు. నేల మీద గోడ నుంచి 10 అడుగుల దాకా ప్లాస్టిక్ పట్టా పరవాలి. నీళ్లు చిలకరించి, తడి మీదే గీకాలి. చెక్క పూర్తిగా ఆరాకే ప్రైమర్. మంటతో కాల్చడం నిషిద్ధం. వేడిగాలి యంత్రం 1,100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకూడదు, దాటితే సీసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

చట్టాలు

ఇళ్ల రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది. పాత ఇళ్ల మరమ్మతులపై అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) నిబంధన 2010 ఏప్రిల్ 22న పూర్తిగా అమల్లోకి వచ్చింది. బయటి గోడపై 20 చదరపు అడుగులకు మించి రంగును కదిలించే పనిని కూలి తీసుకుని చేసేవారికి ధ్రువీకరణ తప్పనిసరి.

మన దేశంలో పర్యావరణ (పరిరక్షణ) చట్టం, 1986 కింద 2016లో నిబంధనలు వచ్చాయి. రంగుల్లో సీసం పరిమితి 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాలకు 90; అమలు 2017 నవంబరు నుంచి. అంతకు ముందు ఎనామెల్ వేసిన తలుపులు, కిటికీలు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. పండక్కి రంగులేసేముందు వాటిని గరుకు కాగితంతో పొడిగా రుద్దుతుంటే పక్కనే పిల్లలు ఆడుకోవడం మామూలే. అక్కడా తడి పద్ధతే పాటించాలి.